గాంధీజీ భోజనపు లెక్క

మాంసము తిననిదే దేహమునకు బలము రాదనియు, బలములేని జాతికి స్వాతంత్ర్యము రాదనియు బాల్యమున ఒక స్నేహితుడు బోధింపగా నమ్మి, మోహనదాసు ఇంట తెలియకుండ కొన్నిమార్లు మాంసము భుజించెను. తల్లిదండ్రులతో అసత్యమాడవలసి వచ్చుట సహింపలేక మానుకొనెను.

1888లో బారిష్టరు చదువునకై లండను చేరినప్పుడు తల్లికిచ్చిన మాట ఆయనను కాపాడినది. కాని తొలినాళ్ళలో ఆకలి తీరలేదు. ఫారింగ్డన్ వీధిలో శాకాహార భోజనశాల కంటబడిన దినముననే గాంధీజీ కడుపునిండ తినిరి. అచ్చటనే ఒక షిల్లింగునకు హెన్రీ సాల్ట్ గ్రంథమును కొని చదివిన పిదప, ప్రతిజ్ఞకై పాటించిన నియమము ఇష్టముగా మారినది.

ఆ నగరముననే ఖర్చులకు చిల్లిగవ్వతో సహా లెక్క వ్రాయుట అలవడినది. అన్నగారి ధనము ఎట్లు కరగుచున్నదో ఆ లెక్కయే చూపినది. ఒక్క గదిలోనికి మారి, ఉదయము ఓటుజావ, కోకో తామే కాచుకొని, మధ్యాహ్నము మాత్రము వెలుపల తిని, రాత్రి రొట్టెతో సరిపెట్టుకొని, దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో గడపిరి. బండికూలి మిగుల్చుటకై 8, 10 మైళ్ళు నడచెడివారు. దేహము చిక్కిపోలేదు సరికదా, గట్టిపడినది.

1912లో దక్షిణాఫ్రికాయందలి టాల్‌స్టాయి క్షేత్రమున, మిత్రుడు కాలెన్‌బాకుతో కూడి పాలు విడిచి, పండ్లతో జీవింపసాగిరి. కడుబీదలవలె బ్రతుకవలెనను సంకల్పముతో చౌకయైనవానినే ఎన్నుకొనిరి: వేరుశనగ, అరటి, ఖర్జూరము, నిమ్మ. ఆలివు నూనెయు ఉండెను; అది కడుబీదల ఇంట దొరకునది కాదు!

1918లో ఖేడాజిల్లాలో తిరుగుచుండగా జిగట విరేచనములు పట్టి ప్రాణముమీదికి వచ్చినది. పాలు తప్పవని వైద్యుడు చెప్పెను. ప్రతిజ్ఞవేళ మనసున నున్నవి ఆవుపాలు, గేదెపాలే గదా, మేకపాలకు అడ్డేమని కస్తూరిబాయి అడుగగా లోబడిరి. ప్రతిజ్ఞ అక్షరమున నిలిచి ఆశయమున చెడినదను బాధ ఆత్మకథ వ్రాయునాటికిని తీరలేదు.

1929లో ఆంధ్రదేశ పర్యటనమున, రాజమహేంద్రవరమందలి ఒక ప్రకృతిచికిత్సకుని అనుభవము విని, వండని ధాన్యములు, కూరలు తిన నారంభించిరి. ఇది సాగినచో వంటచెరకు మిగులును. స్త్రీలకు పొయ్యిచాకిరి తప్పును. దేహము ఒప్పుకొనలేదు. బరువు తగ్గినది, ఆగస్టునాటికి జబ్బుపడి మరల మేకపాలకు రావలసి వచ్చినది. ఆ ఓటమిని దాచక తమ పత్రికలోనే ప్రకటించిరి.

1934లో వార్ధాలో అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము వెలసినపుడు లెక్క దేశమంతటిదైనది. మరపట్టిన బియ్యము తెల్లగా నుండును. తవుడుతో సారము పోవును, దంపెడి స్త్రీల కూలియు పోవును. బీదవాడు ఒక్క ముద్దలోనే రెండు నష్టములు మ్రింగుచున్నాడు. అందుచే సంఘము దంపుడు బియ్యమును, తిరుగటిపిండిని, గానుగనూనెను, బెల్లమును ఊరూర ప్రచారము చేసెను. గాంధీజీ మాత్రము 1948లో కన్నుమూయువరకు మేకపాలను విడువలేకపోయిరి.