గుంటూరు డాక్టరమ్మ – ఆన్నా సారా కుగ్లర్ గారి జీవితము

శతాబ్ది పండుగ వేళ గుడులు కట్టినవారిని, బడులు పెట్టినవారిని తలచుకొనుట మన ఆనవాయితీ. అయితే రాత్రివేళ దీపము పట్టుకొని రోగి మంచము ప్రక్కన మేల్కొన్న వారిని కూడ తలచుకొనుట న్యాయము. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతముల వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లిన మనిషి తిరిగి వచ్చేవరకు గుమ్మము వైపే చూచే కుటుంబములు మనవి. 2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల ఫ్యాక్టరీలో పేలుడు సంభవించి 40 మందికి పైగా మరణించిన దినమున, గాయపడినవారిని ఈ చుట్టుప్రక్కల ఆసుపత్రులకే మోసికొనిపోయారు. ఆపద క్షణములో వస్తుంది. దానిని ఎదుర్కొనే చేతులు మాత్రము ఏండ్ల తరబడి సిద్ధపడి యుండవలెను. ఈ సత్యమును బ్రతుకంతా ఆచరించి చూపిన స్త్రీ డాక్టర్ కుగ్లర్ గారు.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో, ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించారు. స్త్రీలు వైద్యవిద్య చదువుట అరుదైన ఆ రోజులలో, పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టము పొందారు. నారిస్‌టౌన్ మానసిక వైద్యశాలలో స్త్రీల విభాగమున పనిచేశారు. అక్కడ స్థిరమైన ఉద్యోగము, గౌరవము ఉన్నాయి. అయినను తెలుగు దేశములో స్త్రీలు వైద్యము లేక మరణించుచున్నారని విని ఆమె మనస్సు ఇటు తిరిగింది.

లూథరన్ స్త్రీల మిషను సంఘము వారు ఆమెను పంపుటకు ఒప్పుకొన్నారు గాని, వైద్యసేవ ఆరంభించుటకు తాము ఇంకను సిద్ధముగా లేమన్నారు. ఇండ్లలోని స్త్రీల మధ్య పనికి, బడుల పనికి మాత్రమే ఆమెను నియమించారు. చదివిన చదువును ప్రక్కన పెట్టి వెళ్లుమనుట ఎవరికైనను కష్టమే. ఆమె అలుగలేదు, ఆగిపోలేదు. 1883 ఆగస్టులో ఓడ ఎక్కి, నవంబరు చివర గుంటూరు చేరారు.

డాక్టరమ్మ వచ్చిందన్న సంగతి ఊరిలో దాగునా? మొదటి సంవత్సరములోనే నాలుగు వందల మందికి పైగా రోగులను ఆమె చూచారు; కొందరిని వారి ఇండ్లకు వెళ్లి, కొందరిని తన బసలోనే. రోగుల అక్కరయే మిషను వారి మనస్సు మార్చింది. 1885 చివర ఆమెను వైద్య మిషనెరీగా నియమించారు.

ఆ కాలపు స్థితిని మనము ఒక్కసారి ఆలోచించవలెను. ఘోషా పాటించే ఇండ్లలో స్త్రీని మగ వైద్యునికి చూపేవారు కారు. బిడ్డ అడ్డము తిరిగినను, కాన్పు తరువాత రక్తస్రావము ఆగకపోయినను తల్లి ప్రాణము గంటల మీద ఉంటుంది. నాడు రక్తమెక్కించే ఏర్పాటు లేదు, పెన్సిలిన్ లేదు. డాక్టరుకు ఉన్న ఆయుధములు శుభ్రమైన చేతులు, మరిగించిన పనిముట్లు, మత్తుమందు, నేర్పు, ఓర్పు. పైగా అంటుముట్టు పట్టింపు ఒకటి. తమ ప్రాణము కాపాడవచ్చిన డాక్టరునే మైలగా ఎంచిన ఇండ్లున్నాయి. ఆ అవమానమును ఆమె దిగమ్రింగుకొని మరల మరల అదే గుమ్మము త్రొక్కారు.

ఒక్క డాక్టరు సంచి పట్టుకొని తిరిగితే ఎందరిని కాపాడగలదు? ఒక ఇంట కాన్పు జరుగుచుండగా మరొక ఇంట ప్రాణము పోవచ్చును. గనుక స్థలము కావలెను, పడకలు కావలెను, రాత్రింబవళ్లు మేల్కొనే మనుష్యులు కావలెనని ఆమె పట్టుబట్టారు. స్వదేశమునకు వెళ్లినప్పుడు విరాళములు కూర్చారు. 1893లో క్రొత్త డిస్పెన్సరీ తెరిచారు. ఆ దశకము ముగియులోగా 50 పడకల ఆసుపత్రి లేచింది. డాక్టర్ మేరీ బేర్, నర్సు కేథరిన్ ఫాస్ ఆమెకు తోడైనారు. ఇచ్చటి యువతులకు నర్సు పనిలో శిక్షణ దొరికింది. డాక్టరు శస్త్రచికిత్స ముగించి వెళ్లిన తరువాత నాడి చూచేది, గుడ్డలు మార్చేది, ప్రమాద సూచనను మొదట కనిపెట్టేది నర్సే గదా.

ఏలూరు జమీందారు రాజా భుజంగరావు బహదూరు గారి రాణికి ఇచ్చట వైద్యము జరిగింది. ఆ మేలుకు కృతజ్ఞతగా రాజావారు ఆసుపత్రి వద్ద రోగుల బంధువులు దిగుటకు ఒక సత్రము కట్టించారు. రోగి లోపల ఉన్నప్పుడు బయట చెట్ల క్రింద కూర్చున్నవారి బాధ ఎరిగినవాడే అటువంటి కానుక ఇయ్యగలడు.

1905లో ప్రభుత్వము ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చింది. 1928లో గుంటూరు మిషను ఆసుపత్రి చరిత్రను గ్రంథముగా ప్రకటించారు. 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆ ఆసుపత్రి తరువాత కుగ్లర్ ఆసుపత్రి అను పేరు పొందింది. ఆమె చేతుల మీదుగా బ్రతికిన తల్లుల మనుమలు, మునిమనుమలు ఈ రోజున ఎన్ని ఊళ్లలో ఉన్నారో!

2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో 108 అంబులెన్సు సేవ ఆరంభమైనది మొదలు సహాయము ఒక్క ఫోను దూరములో ఉన్నది. అయినను ఆ బండి చేరే చోట మెలకువగా నర్సు, సిద్ధముగా డాక్టరు, శుభ్రముగా పడక ఉన్నప్పుడే ప్రాణము నిలుస్తుంది. మన సంఘములలో అటువంటి నర్సులు, ఆయాలు, వార్డుబాయిలు ఎందరో ఉన్నారు. రాత్రి డ్యూటీ వలన ఆదివారము ఆరాధనకు రాలేని ఆ బిడ్డల ఖాళీ స్థలమును చూచి గొణుగకుందము. ఆ గడియలో వారు ఎవరి మంచము ప్రక్కన నిలిచియున్నారో జ్ఞాపకము చేసికొని, వారి కొరకు ప్రార్థింతము. మన కుమార్తెలలో ఒకరు నర్సు చదువు కోరితే సంతోషముగా పంపుదము.