గణిత కవి పావులూరి మల్లన

ఆంధ్ర సాహిత్యం అనగానే నన్నయ భట్టారకుడు స్ఫురిస్తాడు. మన రాజంపేట వారికైతే తాళ్ళపాక అన్నమాచార్యుడు. తెలుగు పద్యం తన తొలి శతాబ్దాలలోనే లెక్కలు సైతం బోధించిందన్న సంగతి మనలో చాలామంది ఎరుగరు. ఆ పనికి పూనుకున్నవాడు పావులూరి మల్లన.

ఈయన పదకొండవ శతాబ్దపువాడని కొందరు, పన్నెండవ శతాబ్దపువాడని కొందరు. రాజరాజ నరేంద్రుడు పిఠాపురం చెంతనున్న నవఖండవాడను దానమిచ్చినది ఈ కవికేనని ఒక పక్షం, అదే పేరుగల ఆయన తాతకని మరొక పక్షం. పండితుల వాదం అలా ఉండగా, గ్రంథం మాత్రం మనకు దక్కింది.

తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలాన, జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహాన్ని రచించాడు. శైవుడైన మల్లన ఆ జైన గ్రంథాన్ని ఆదరంతో తెనిగించాడు. విద్యకు మతభేదం అడ్డు రాలేదు. మూలాన్ని మక్కికి మక్కి దించక, ఉదాహరణలను తనకు నచ్చినట్లు మార్చుకున్నాడు.

మహావీరుడు చెప్పిన పరికర్మలు ఎనిమిది. వాటిలో సగం వర్గం, వర్గమూలం, ఘనం, ఘనమూలం. ఎనిమిదవ తరగతి బాలుణ్ణి నేటికీ బెదిరించేవి ఇవే కదా! ఘాతాంక సూత్రాలను బట్టీపట్టి మరచినవారిలో ఈ వ్యాసకర్తా ఒకడు. మూలమంటే వేరు. మన ఉర్దూ విద్యార్థులు చదివే జజ్ర్ అనే అరబ్బీ పదానికీ వేరు అనే అర్థం.

మల్లన పేరిట ప్రసిద్ధమైన చంపకమాల ఒకటి ఉంది. చదరంగపు తొలి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళకూ రెట్టిస్తే మొత్తమెంత? జవాబు ఇరవై అంకెల సంఖ్య. దానిని ఆయన మాటలలో పొదిగాడు. చంద్రుడంటే ఒకటి, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, పర్వతాలు ఏడు, ఆకాశం సున్న. అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చాలి. లేఖకుడు ఒక్క మాట జారవిడిచినా ఛందస్సు చెడి తప్పు బయటపడుతుంది. తాళపత్రాల కాలంలో ఇంతకన్న మంచి కాపలా ఏముంటుంది?

973లో ఖ్వారిజ్మ్ దేశాన జన్మించిన అల్ బిరూనీ ఈ లెక్కనే సుమారు 1000 సంవత్సరంలో వేరొక దారిన సాధించాడు. ఒకటి, రెండు, నాలుగు కలిపితే ఏడు. తరువాతి గడిలో ఎనిమిది. ఏ గడి వరకు కూడినా మొత్తం తరువాతి గడి కంటే ఒకటి తక్కువ. కనుక రెండు యొక్క అరవై నాలుగవ ఘాతం తెలిస్తే చాలు. పదహారు రెండు యొక్క నాలుగవ ఘాతం. వర్గం చేసినప్పుడల్లా ఘాతాంకం రెట్టిస్తుంది: ఎనిమిది, పదహారు, ముప్పది రెండు, అరవై నాలుగు. అరవై మూడు సార్లు రెట్టించే శ్రమ నాలుగు వర్గాలతో తీరింది. అందులో ఒకటి తీసివేస్తే బిరూనీకీ, మల్లనకూ వచ్చినది ఒకే సంఖ్య: 18446744073709551615.