ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావు గారు

రంగధామరావు గారు 1898 సెప్టెంబరు 9న బరంపురంలో జన్మించారు. విజయనగరం మహారాజా కళాశాలలో ఎ.ఎల్. నారాయణ్ గారి వద్ద వర్ణపట శాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టి, లండన్‌లో ఫౌలర్ పండితుని వద్ద పనిచేసి, చివరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖలో స్థిరపడ్డారు. తరువాత విశ్వవిద్యాలయ కళాశాలలకు ప్రిన్సిపాలుగా కూడా వ్యవహరించారు. పదవుల మాట ఎలా ఉన్నా, ఆయన పేరు నిలిచింది ప్రయోగశాల వల్లనే.

1950 ప్రాంతంలో జర్మనీలో ఒక కొత్త పద్ధతి బయటపడింది. కొన్ని స్ఫటికాలలోని పరమాణు కేంద్రకాలు తమకు సరిపడే రేడియో తరంగాన్ని మాత్రమే గ్రహిస్తాయి. మనం రేడియో ముల్లు తిప్పి స్టేషను పట్టుకున్నట్టే. దీనికి న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్ అని పేరు. అప్పటికి యాభై దాటిన రంగధామరావు గారు దానిని వాల్తేరుకు తెచ్చి, శిష్యులచేత పని చేయించారు. ఆ వయసులో కొత్త విద్యకు పూనుకోవడం సామాన్యం కాదు.

ఎం.ఆర్.ఐ. స్కానింగు దీనికి దాయాది వంటిది. అక్కడ పెద్ద అయస్కాంతం కావాలి. పలికేది శరీరంలోని నీటి హైడ్రోజన్ కేంద్రకాలు. ఆ గదిలో దడదడ చప్పుడు మనలో చాలామంది విన్నదే. దానిని ఆయన కనిపెట్టారని చెప్పరాదు. 1972 జూన్ 20న ఆయన కాలం చేశారు. మరుసటి ఏడాది, 1973లో, అమెరికాలో లాటర్‌బర్ ఈ పద్ధతిలో తొలి చిత్రం ప్రకటించారు.

ఆ చిత్రాలే ఇప్పుడు పక్షవాతం వచ్చిన మెదడులో ఏ భాగం చచ్చిపోతున్నదో చూపుతున్నాయి. ఆక్సిజన్ పెడితే చాలు కదా అని మన ఇళ్ళలో అనుకుంటారు. 2005లో ప్రకటించిన బోస్టన్ అధ్యయనంలో కొద్దిమంది రోగులకు మాస్కుతో ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చి ఎం.ఆర్.ఐ. తీస్తే, కొన్ని గంటల వరకు దెబ్బతిన్న భాగం తగ్గినట్టు కనిపించింది. తరువాత ఆ మేలు నిలవలేదు. బ్రిటన్‌లో 8,003 మందిపై జరిపి 2017లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, రక్తంలో ఆక్సిజన్ సరిగా ఉన్నవారికి అదనంగా కొద్దిపాటి ఆక్సిజన్ ఇచ్చినందువల్ల లాభం లేదని తేలింది. కనుక మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా సిలిండరు కోసం వెతుకుతూ కూర్చోరాదు. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకొని, స్కానింగు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపు పడాలి. అది కూడా రక్తస్రావం లేదని స్కానింగులో తేలాకే.

రంగధామరావు గారి పేరిట భారత జాతీయ విజ్ఞాన అకాడమీ స్మారకోపన్యాసం నెలకొల్పింది.