నామగిరి భక్తుని సంఖ్యాతపస్సు

భక్తికిని గణితమునకును గల సంబంధమేమని అడుగువారికి శ్రీనివాస రామానుజన్ జీవితమే సమాధానము. ఆయన 1887 డిసెంబరు 22వ తేదీన తమిళదేశమందలి ఈరోడులో జన్మించి, కుంభకోణమున సారంగపాణిస్వామి ఆలయ సమీపమున పెరిగెను. తండ్రి బట్టల దుకాణమున గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ నామక్కల్‌లో వెలసిన నామగిరి అమ్మవారి భక్తురాలు. తనకు స్ఫురించు గణితమంతయు ఆ తల్లి అనుగ్రహమేయని కుమారుడును విశ్వసించెను.

గణితము తప్ప అన్యము పట్టని ఆ యువకుడు ఎఫ్.ఏ. పరీక్షయందు ఉత్తీర్ణుడు కాలేకపోయెను. పట్టము లేదు, జీవనోపాధి లేదు. కాగితము కొనలేక పలకపై లెక్కలు వ్రాసి మోచేతితో తుడుచుచుండెను. అట్టి దశలో నెల్లూరు కలెక్టరు రామచంద్రరావుగారు ఆయన ప్రతిభను గుర్తించి నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకొనిరి. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టున గుమాస్తా పని లభించెను. 1914లో ఆయన కేంబ్రిడ్జికి పయనమయ్యెను. సముద్రయానమునకు మొదట అంగీకరింపని తల్లి, స్వప్నమున అమ్మవారి ఆజ్ఞయైనదని పిమ్మట సమ్మతించెనని చెప్పుదురు.

1915లో ఆయన అధిక సంయుక్త సంఖ్యలను గూర్చి ఒక మహావ్యాసము ప్రకటించెను. తనకంటె చిన్నవైన సంఖ్యలన్నిటికంటె ఎక్కువ కారణాంకములు గల సంఖ్య అధిక సంయుక్త సంఖ్య. 12ను 1, 2, 3, 4, 6, 12 అను ఆరు సంఖ్యలు శేషము లేకుండ భాగించును. 12 కంటె చిన్న సంఖ్య దేనికిని ఆరు కారణాంకములు లేవు. రామానుజన్ పట్టికలోని చివరి సంఖ్య 67,46,32,83,88,800. దీనికి 10,080 కారణాంకములు కలవు. దీనిలో 2 ఆరు మార్లు, 3 నాలుగు మార్లు, 5, 7 రెండేసి మార్లు, 11, 13, 17, 19, 23 ఒక్కొక్క మారు గుణకములుగా నున్నవి. ఇట్టి సంఖ్యలలో ప్రధానసంఖ్య పెరిగిన కొలది దాని ఆవృత్తి ఎన్నడును పెరుగదని ఆయన నిరూపించెను.

ఆ పట్టికలో ఒక్క సంఖ్య మాత్రము జారిపోయెను. అది 2,93,31,86,25,600. దానిని 23చే గుణించిన పట్టికలోని చివరి సంఖ్యయే వచ్చుట విశేషము. ఈ లోపమువలన ఆయన నిరూపించిన నియమములకు భంగము కలుగలేదు.

పరీక్షలలో తప్పిన వానికి 1916లో కేంబ్రిడ్జి పట్టము తెచ్చిపెట్టినది ఈ పరిశోధనయే. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. కాని ఆరోగ్యము క్షీణించెను. 1919లో స్వదేశమునకు మరలివచ్చి, రోగశయ్యపై సైతము గణితమును విడువక, 1920 ఏప్రిల్ 26వ తేదీన 32 ఏండ్ల ప్రాయమున పరమపదించెను.

తాను కనుగొన్న దానిని తనదని తలపక, అమ్మవారి ప్రసాదముగా లోకమునకు పంచియిచ్చిన ఆ ధన్యజీవి స్మరణీయుడు.