ఎవరి పని వారి పేరుతో: యల్లాప్రగడ సుబ్బారావు

మన నాందేడ్, దెగ్లూర్, ధర్మాబాద్ ప్రాంతాల తెలుగు ఇళ్లలో పిల్లల్ని డాక్టర్లను చేయాలన్న ఆశ బలంగా ఉంది. ఆ పిల్లలకు మనం తప్పక చెప్పాల్సిన జీవితం యల్లాప్రగడ సుబ్బారావుది. వైద్యంలో కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని నిజాయితీగా రాసి అచ్చువేయడం మరో ఎత్తు అని ఆయన కథ నేర్పుతుంది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన సోదరులను బలిగొంది. మామగారి సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరి, రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదివారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. వ్యాసంపై ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అందుకే ఆ పద్ధతిని నేటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీని వీరు గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా గుర్తించారు. ఎవరికీ అన్యాయం జరగలేదు, ఎందుకంటే రెండూ తేదీలతో సహా అచ్చయ్యాయి.

అచ్చుకానిది మాత్రం మరుగున పడింది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని, ఫిస్క్ అసూయతో వాటిని వెలుగులోకి రానివ్వలేదని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు. అలా దాచిన ఫలితం వల్ల నష్టపోయేది ఒక్క శాస్త్రవేత్తే కాదు, మందు కోసం ఎదురుచూసే రోగి కూడా.

1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడి ఫోలిక్ యాసిడ్ కథకు మన బొంబాయితో సంబంధముంది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని లూసీ విల్స్ 1931లో ప్రచురించారు. తర్వాత అదే పదార్థాన్ని కోతులపై పనిచేసినవారు విటమిన్ ఎం అన్నారు, పాలకూర నుంచి తీసినవారు ఫోలిక్ యాసిడ్ అన్నారు. ఒక్క పేరుతోనే వెతికితే మిగతావారి పని కంటపడదు. పాత వ్యాసాలు వెతికేటప్పుడు అన్ని పేర్లతోనూ వెతకాలనడం అందుకే. 1945 నాటికి సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందైంది.

బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ తరహా మందులిస్తే జబ్బు ముదురుతున్నట్టు కనిపించింది. ఆయన ఆ సంగతి దాచలేదు. దానికి విరుద్ధంగా పనిచేసే మందు కోసం చూశారు. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ అందించింది. 1948 జూన్‌లో వచ్చిన వ్యాసం 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగైందని చెబుతూనే, అది తాత్కాలికమని శీర్షికలోనే ఒప్పుకుంది. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. బోదకాలుకు హెట్రజాన్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలో వచ్చినవే. ఆ ఏడాది ఆగస్టులోనే, 53వ ఏట, సుబ్బారావు కన్నుమూశారు.

ఈ పాఠం వైద్య కళాశాల దాకా ఆగనక్కర్లేదు. సైన్స్ ప్రదర్శనకు పిల్లలు ప్రాజెక్టు చేసేటప్పుడు మనం నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఇది ముందు ఎవరు చేశారు? దీనికి ఇంకే పేర్లున్నాయి? ఏది ఫలించలేదు? ఎవరు సాయపడ్డారు? జవాబులను చార్టు మీదే రాయిద్దాం. మార్కులు వేసేటప్పుడు వాటినీ లెక్కలోకి తీసుకుందాం.