జీవశక్తి గుట్టు చూసిన యల్లాప్రగడ సుబ్బారావు



ఈ నెల క్లాసులో సజీవుల లక్షణాలు చెబుతున్నాం. కదలిక, ఆహారం, శ్వాస, పెరుగుదల, విసర్జన, స్పందన, ప్రత్యుత్పత్తి... పిల్లలు ఏడూ గడగడా అప్పజెప్పేస్తారు. బోధన్ వైపు నుంచి స్కూల్ బస్సులో వచ్చే ఒక పాప మాత్రం, చెరకు నడవదు కదా మిస్, మరి దానికి ప్రాణం ఉందని ఎట్లా చెప్పాలి అని అడిగింది. జవాబు వెతుక్కుంటుంటే ఒక తెలుగాయన గుర్తొచ్చారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోతే, తల్లి వెనక్కి తెచ్చి చదువులో పెట్టింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ పాసవలేదు. (ఇప్పుడైతే మేమే మిమ్మల్ని స్కూలుకు పిలిపించేవాళ్లం!) మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టక మనిషి చిక్కిపోయే జబ్బు అది. అప్పటికి దానికి సరైన మందు లేదు.

1922లో భార్య శేషగిరిని ఇక్కడే వదిలి బోస్టన్ వెళ్లారు. ఆసుపత్రిలో నైట్ పోర్టర్‌గా పనిచేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ దారిలోనే 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది కనిపెట్టారు.

పాపకు జవాబు ఇక్కడే ఉంది. చెరకు ఎండతో చక్కెర చేసుకుంటుంది. ఆ చక్కెరను కణాలు విడగొట్టి, వచ్చిన శక్తిని ఏటీపీగా మార్చుకుంటాయి. చెరకు వేరు నేలలోంచి పోషకాలు లాక్కోవాలన్నా, కణుపు నుంచి మొలక రావాలన్నా, స్పోర్ట్స్ డే రోజు మీ అబ్బాయి పరుగెత్తాలన్నా ఖర్చయ్యేది అదే. పెరుగులోని బాక్టీరియాకూ అదే. పాఠంలోని ఏడు లక్షణాల వెనకా అదే ఉంది. నడవడం ఒక్కటే ప్రాణం కాదని పాపకు చెప్పాను. ఒప్పుకుంది, సగమే అనుకుంటా.

హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది పనిచేసింది, అన్నదమ్ములు పోయిన చాలా ఏళ్లకు. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేదీ, బోదకాలు రాకుండా పంచే డీఈసీ మాత్రా, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేటూ ఆ ల్యాబ్ పనిలోంచి వచ్చినవే.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, న్యూయార్క్ దగ్గర నిద్రలోనే కన్నుమూశారు. శేషగిరిగారిని మళ్లీ చూడలేదు. తర్వాత శాస్త్రవేత్తలు ఒక రకం శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు.