కార్మికబంధువు వరాహగిరి వేంకటగిరి

జహీరాబాదు పట్టణమున హైదరాబాదు–ముంబయి మార్గము ప్రక్కన తెల్లవారుజామున నిలిచి చూచినచో రెండు తెగల శ్రామికులు కనబడుదురు. కర్మాగారమునకు పోవుటకై బస్సు కొరకు వేచియుండువారొక తెగ. చెరకు నరకబోవువారును, అల్లము త్రవ్వబోవువారును మరియొక తెగ. మొదటివారిలో కొందరికి జబ్బుపడినప్పుడు వైద్యమును, వేతనములో కొంత భాగమును లభించును. రెండవవారికి జ్వరము వచ్చిన నాడు కూలి లేదు. మందుల చీటి చేతికి వచ్చుసరికి అప్పిచ్చువాని గుమ్మము తొక్కక తప్పదు. ఈ భేదమెట్లు కలిగెనో తెలిసికొనగోరు విద్యార్థి వరాహగిరి వేంకటగిరిగారి జీవితమును చదువవలెను. పాఠ్యపుస్తకములలో వారు కేవలము నాలుగవ రాష్ట్రపతిగా మిగిలిపోవుట ఒక లోపమని నా అభిప్రాయము.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన గంజాము ప్రాంతములోని బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది. ఆ వృత్తినే చేపట్టదలచి 1913లో ఐర్లండు నందలి డబ్లిను నగరమునకు వెళ్లిరి. అచ్చట న్యాయశాస్త్రముతో పాటు స్వాతంత్ర్యకాంక్షయు వంటబట్టినది. ఐరిష్ ఉద్యమకారులతోడి సంబంధము కారణముగా 1916లో ఆ దేశము విడిచి రావలసివచ్చెను.

బరంపురమున న్యాయవాదిగా సుఖముగా బ్రతుకుటకు అవకాశమున్నను వారి మనస్సు రైలు కార్మికుల వైపు మరలినది. బెంగాలు–నాగపూరు రైలుమార్గము కలకత్తానుండి వాల్తేరు వరకు సాగెడిది. దాని ఖరగపూరు కార్ఖానాలో తెలుగువారు పెక్కురుండిరి. జబ్బుచేసిన కార్మికునకు ఆ కాలమున శత్రువులిద్దరు: రోగమొకటి, అప్పు రెండవది. విట్లీ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషను 1931లో వెలువరించిన నివేదికను చూచినచో, అధికసంఖ్యాకములైన పారిశ్రామిక కేంద్రములలో మూడింట రెండు వంతుల కుటుంబములు ఋణగ్రస్తములై యుండెననియు, ఆ ఋణము సాధారణముగా మూడు నెలల వేతనమును మించియుండెననియు తెలియుచున్నది. పెండ్లికి చేసిన అప్పును అందరును ఆక్షేపింతురు. జ్వరమునకు చేసిన అప్పు మాటయేమి?

1928లో, పనినుండి తొలగింపబడినవారి పక్షమున, గిరిగారు ఆ రైల్వేలో సమ్మె నడిపిరి. హింసకు తావీయక సాగిన ఆ సమ్మె ఫలించెను. అంతకు ముందేడు, అనగా 1927లో, జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు వారు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లియుండిరి. ఆ సభయే రోగభీమా ఒడంబడికలు రెండింటిని అంగీకరించెను. జబ్బుపడి పనిచేయజాలనివానికి 26 వారముల వరకు నగదు సహాయమును, వైద్యమును, మందులును అందవలెననియు, ఆ వ్యయమును యజమానియు కార్మికుడును పంచుకొనవలెననియు వాని సారాంశము. ఒకటి పరిశ్రమలకు, రెండవది వ్యవసాయ కూలీలకు. భారతదేశము రెండింటిలో దేనిని గాని ఆమోదింపలేదు.

1948లో ఉద్యోగుల రాజ్యభీమా చట్టము వచ్చెను. దానిని గిరిగారి ఖాతాలో వేయుట న్యాయము కాదు. 1944లో అడార్కరు సమర్పించిన నివేదిక దానికి పునాది. ఆనాడు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మికశాఖ అంబేద్కరుగారి చేతిలో నుండెను. 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పూరు, ఢిల్లీ నగరములలో పథకము ప్రారంభమైనది. ఆ యేడే గిరిగారు కేంద్ర కార్మికమంత్రి యైరి. తీర్పుకంటె, యజమానియు సంఘమును ఎదురెదురుగా కూర్చుండి కుదుర్చుకొనిన ఒప్పందమే మన్నికగలదని వారి విశ్వాసము. బ్యాంకు ఉద్యోగుల వివాదములో న్యాయమండలి యిచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954 ఆగస్టులో మంత్రిపదవిని త్యజించిరి. ఇంతటి నిక్కచ్చితనము అరుదు. అయినను నాకొక సందేహము. సంఘము గలవానికి ఆ మార్గము మేలే; చెరకు నరకువాడు ఏ బల్లకెదురుగా కూర్చుండి ఎవరితో సంప్రదింపవలెను?

గవర్నరు పదవులు, 1969 నాటి రాష్ట్రపతి ఎన్నిక, 1975లో భారతరత్న బిరుదము ఎల్లరెరిగినవే. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో గిరిగారు పరమపదించిరి.

నెలకు 21,000 రూపాయల వేతనము వరకు గలవారిని 2017 జనవరి నుండి ఈ.ఎస్.ఐ. పరిధిలో చేర్చిరి. ఆ పథకపు నియమముల ప్రకారము, జబ్బుపడినవానికి ఏడాదికి 91 దినముల వరకు వేతనములో 70 శాతము చెల్లింతురు. కాని ఆరు మాసముల గడువులో 78 దినములకు చందా కట్టినవానికే అది దక్కును. నడుమ నడుమ పని తప్పెడి ఒప్పంద కూలికి ఆ లెక్క కుదురుట కష్టము. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేదల ఆసుపత్రి వ్యయమును భరించును గాని, మంచము పట్టిన దినముల కూలిని తిరిగి యీయదు. జెనీవాలో వ్రాయబడిన ఆ రెండవ ఒడంబడిక, వ్యవసాయ కూలీలది, జహీరాబాదు చెరకుతోటల దాక ఇంకను రాలేదు.